పాస్కల్‌లో ఉండిపోయిన అంచు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. పదిమంది ఒకే మాట మీద నిలబడితే, వీళ్లను ఎవరు నిలబెట్టారా అని చూస్తాను. ప్రొద్దుటూరులో కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో ఆ జబ్బు బాగా ముదిరింది.

కంప్యూటర్‌కు పని చెప్పే భాషల్లో నాకొచ్చింది పాస్కల్ ఒక్కటే. ఊళ్లో మాత్రం అందరూ జావా అంటున్నారు. జావా ఎందుకని శిక్షణ కేంద్రం యజమానిని అడిగితే, పిల్లలు అదే అడుగుతున్నారన్నాడు. పిల్లల్ని అడిగితే, బోర్డుల మీద అదే రాసుందన్నారు. జమ్మలమడుగులోనూ అదే బోర్డు. బస్సెక్కి పులివెందులకు పోయి మరీ విచారించాను. మూడు ఊళ్లలోని కేంద్రాలూ ఒకే బావాబామ్మర్దులవి. బోర్డులు రాసిన పెయింటరూ ఒక్కడే. దొంగను పట్టుకున్నంత సంతోషమైంది నాకు. ఇక ఆ భాష ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ పట్టుదలలోనే జమ్మలమడుగులో ఒక నేతగాడి పని ఒప్పుకున్నాను. ఆయన మా నాయన స్నేహితుడు, నేను మామా అని పిలిచేవాణ్ణి. చీర అంచుల డిజైన్లు గీయడంలో ఆయనకు పేరుంది. గళ్ల కాగితం మీద గడిగడినీ పెన్సిల్‌తో నింపి, దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టించేవాడు. ఆ చిల్లుల్ని బట్టే మగ్గం మీద ఏ పోగు లేవాలో ఆ పోగు లేస్తుంది. చెమ్మకూ ఎలుకలకూ కాగితాలు పాడవుతుంటే, ఆ గళ్లన్నీ కంప్యూటర్‌లో దాచే ప్రోగ్రాం రాసిమ్మన్నాడు.

పాస్కల్‌లో రాశాను. డిజైన్లు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని, ఇంకే ప్రోగ్రామూ చదవలేకుండా గళ్లను తారుమారు చేసి మరీ దాచాను.

మామ తెర మీది గళ్లను వేలితో లెక్కబెట్టి చూసుకున్నాడు.

"బాగుందప్పా. రేపు నువ్వు యాడికన్నా పోతే దీన్ని చూసేవాళ్లు ఎవురుండారు? అందురూ నేర్చుకుంటాండే దాంట్లో రాయకూడదా?"

"బోర్డులు పెట్టి పుట్టించిన గాలి మామా అదంతా. నన్ను నమ్ము."

ఈయనకు కూడా ఎవరో నూరిపోశారనుకున్నాను. ఆ కేంద్రం వాళ్లు ఇంటికి వచ్చిపోతున్నారా అని అత్తను చాటుగా అడిగాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మామ నమ్మాడు. ఆ వానాకాలం, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో చెమ్మ ఎక్కితే అట్టలన్నీ తెచ్చి కాళ్ల కింద పరిచేశాడు. వాళ్ల పేటలో అరిగిపోయిన అట్టలకు ఎప్పుడూ అదే గతి. ఈసారి అరగనివి కూడా పోయాయి, కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని. గళ్ల కాగితాలు పొయ్యిలోకి పోయాయి.

కొన్నేళ్లకు ఆ కంప్యూటర్ కాలం చేసింది. డిజైన్లున్న ఫ్లాపీలు మిగిలాయి గానీ, ప్రోగ్రాంను పాస్కల్‌లో నేను రాసుకున్న అసలు ప్రతి ఉన్న ఫ్లాపీకి బూజు పట్టింది. మామ వాడుకునే ప్రతి మిగిలినా, అది కొత్త కంప్యూటర్ మీద నడవలేదు. పాస్కల్ వదిలేసి నాకూ ఏళ్లయింది, అది బాగా తెలిసినవాడి కోసం మూడు ఊళ్లూ తిరిగాను. ఒక్కడూ లేడు. జావా వచ్చినవాళ్లు వీధికి ఇద్దరున్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఫ్లాపీ తెరిచి చూసి, "గళ్లను ఏ లెక్కన తారుమారు చేసినారో చెప్పండి సార్, నేను రాసిస్తా" అంది. ఆ లెక్క నాకే గుర్తులేదు. బోర్డుల సంగతి నేను కనిపెట్టింది నిజమే. కానీ ఎవరు పుట్టించిన గాలైనా, నేర్చుకున్నవాళ్లు నేర్చుకున్నారు, అవసరానికి ఎదురుగా కూర్చున్నారు. నేను అందరినీ అనుమానించాను, నా మతిమరుపును తప్ప.

మామకు పేరు తెచ్చిన అంచుతో నేసిన చీర అత్త దగ్గర ఒక్కటే మిగిలింది. దాన్ని వెలుతురులో పరిచి, భూతద్దం పెట్టి ఆయన పోగులు లెక్కబెడుతూ చెబుతుంటే, పక్కన కూర్చుని నేను గళ్లు నింపాను. తిట్టి ఉంటే బాగుండేది. ఒక వరస అయ్యాక నా చేతిలోని కాగితం మెల్లగా తీసుకున్నాడు.

"ఏమనుకోవద్దప్పా, నేను గూడా ఒక తూరి చూసుకుంటా."

"చూసుకో మామా" అన్నాను.

ప్రతి వరసకూ చూసుకున్నాడు.