జుమ్మా నాటి నిద్ర

పోయేటప్పుడు డాక్టరుతో ‘ఫిట్’ అని ముద్ర వేయించుకుని విమానమెక్కిన ముప్పై ఏళ్ల మనిషి పెట్టెలో తిరిగొస్తే, వెంట వచ్చిన కాగితం మీద ‘సహజ మరణం’ అని ఉంటే, ఈ రెంటి మధ్య సహజంగా జరిగింది ఏమిటి? బాలరాజు నన్ను అడిగిన ప్రశ్న ఇది. చదువుకున్నవాడినని నన్ను అడిగాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు అడిగినా అంతే.

బాలరాజు కామారెడ్డిలో మా ఇంటి ముందుగదిలో అద్దెకుండేవాడు, వెల్డింగ్ షాపులో పని. సొంతూరు దోమకొండ, బస్సెక్కితే ఎంతో దూరం లేదు. అక్కడ ఇల్లుంది, భార్య వినీత ఉంది, బడికి పోయే కూతురుంది. అయినా ఇంటికి పోకుండా ఇక్కడ ఒక్కడే ఎందుకుంటున్నాడో నాకు బోధపడలేదు. భార్యతో పడదేమో అనుకున్నాను. కాని ఆమె ఆదివారాలు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేది. ఇద్దరూ నవ్వుకుంటూనే తినేవాళ్లు.

అసలు సంగతి నిద్ర. అతను మంచం మీద నడుం వాల్చడు. లైటు ఆర్పడు. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తాడు. ఒక ఉదయం అరుగు మీద టీ తాగుతూ తానే చెప్పాడు.

“పండుకుంటే లేస్తనో లేవనో అని బుగులు బాపు. ఇంట్ల పండుకున్ననుకో, పొద్దుగాల మా బిడ్డనే వస్తది లేపనీకె. నాయినా లే, నాయినా లే అని ఊపుతది. నేను లేవకపోతే? గది దాని కండ్లల్ల పడొద్దు. గందుకే ఈడుంటున్న.”

“మరి నా కళ్లల్లో పడొచ్చా?” అన్నాను.

“నువ్వు శానా చూసినవ్ గద బాపు, నీకేం గాదు” అని నవ్వాడు.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అన్ని పరీక్షలూ బాగున్నాయి, టెన్షన్ పెట్టుకోవద్దన్నాడు. బయటికి రాగానే బాలరాజు ఉమ్మేసినట్టుగా అన్నాడు: “మంచిగున్ననంట. భీమ్‌సింగు గూడ మంచిగనే ఉండె.”

భీమ్‌సింగ్ ఎల్లారెడ్డి దగ్గరి తండా మనిషి. గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా మావాళ్లు దుబాయి పోయిండనే అంటారు. బాలరాజు తిరిగి రాకముందు, అట్లాంటి ఒక దుబాయిలో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్లు, కింది మంచం బాలరాజుది, పై మంచం భీమ్‌సింగ్‌ది. మండే ఎండలో ఇనుప చువ్వలు కట్టే పని. సాయంత్రం బూట్లు విప్పి చెమటను నీళ్లలా వంచేవాళ్లట. పక్క గదిలో ఒకతను నిద్రలోనే పోయాక, వీళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పొద్దున ముందు లేచినవాడు పడుకున్న ప్రతివాడి కాలి బొటనవేలు గుంజాలి. వాడు తిట్టేదాకా వదలకూడదు. తిట్టు వినపడితే మనిషి ఉన్నట్టు. ఒక్క జుమ్మా నాడు, అంటే శుక్రవారం, మాత్రం ఎవరూ గుంజకూడదు. ఆ రోజు సెలవు, కడుపునిండా పడుకోనివ్వాలి.

భీమ్‌సింగ్ జుమ్మా నాడే పోయాడు. పైన దుప్పటి కప్పుకుని అతనున్నాడు. కింద వీళ్లు మటన్ వండుకున్నారు, పాటలు పెట్టుకున్నారు. “ఒకడు లేపుతనన్నడు బాపు. పండనియ్యిరా పాపం అన్న. నేనే అన్న.” అన్నాలు వడ్డించాక పిలిచారు. పలకలేదు.

కంపెనీ కాగితంలో ఎండ మాట లేదు. బూట్లలోంచి వంచిన చెమట మాట లేదు. గుండె ఆగింది, సహజం, అంతే. గుండె ఆగకుండా చచ్చినవాడెవడైనా ఉన్నాడా? దాన్ని కారణమని రాసినవాడికి చెయ్యెట్లా ఆడిందో!

ఇదంతా విన్న మర్నాటి నుంచి బాలరాజు వేలు గుంజే పని నేను తీసుకున్నాను. ఎలాగూ చదువుకోవడానికి తెల్లవారుజామునే లేస్తాను. ఆ ధైర్యంతో అతను మంచమెక్కాడు. వేలు గుంజితే “ఏందిర బై, నీ యవ్వ!” అని కసిరి, నన్ను చూసి నాలుక కరుచుకునేవాడు. ఆ తిట్టు వినపడేదాకా నాకూ ఊపిరి ఆడేది కాదు. శుక్రవారాలు మాత్రం నేను పోయేసరికే లేచి కూర్చుని ఉండేవాడు.

భీమ్‌సింగ్ పోయి ఏడాది తిరిగిన రోజు నన్నూ వెంట తీసుకుపోయాడు. ఎల్లారెడ్డిలో బస్సు దిగి ఆటోలో తండాకు పోయాం. భోజనాల దగ్గర సక్రు అనే పెద్దమనిషి అందుకున్నాడు.

“మా పోరడు పుణ్యాత్ముడు. నొప్పి లేదు, బాధ లేదు. పండుకుండు, పోయిండు. గసొంటి సావు ఎవలకస్తది?”

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నాకు ఒళ్లు మండింది. తొంభై ఏళ్లు బతికినవాడికి చెప్పాల్సిన మాటను ముప్పై ఏళ్లవాడికి చెప్తున్నారు! నేను నోరు తెరిచేలోపే బాలరాజు విస్తరి ముందు నుంచి లేచాడు.

“నొప్పి లేదని వాడొచ్చి చెప్పిండా కాకా నీకు? గంత మంచి సావైతె నీ కొడుకును గూడ తోలు దుబాయికి. వాడు నిద్రల పోలే. ఎండల పోయిండు. మనకు ఎరుకైంది నిద్రల, గంతే!”

భీమ్‌సింగ్ భార్య రుక్మిబాయి వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టింది. వేలు గుంజే సంగతి ఆమెకు భర్త ఫోన్లో చెప్పి నవ్వేవాడట.

“గా పొద్దు ఆయన వేలు గుంజినవా?”

“లే వదినె. జుమ్మా ఉండె. పండనిద్దామని...”

ఏడాదిగా బాలరాజు భయపడ్డది ఈ ప్రశ్నకేనేమో.

“మంచిగ జేసినవ్” అంది ఆమె, తిట్టినట్టే. “వారమంత కంపెనోడు పండనియ్యలే. నువ్వన్న ఒక్కదినం పండనిచ్చినవ్. మరి ఇప్పుడు నీకేం రోగం? నాకు మొగడు లేక ఒక్కదాన్ని పండుకుంటున్న. నీ పెండ్లాం మొగడుండి ఒక్కతి పండుకుంటుంది. సిగ్గనిపిస్తలేదా?”

బాలరాజు మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాడు. తలవంచుకుని అన్నం తిన్నాడు. చేయి కడుక్కుని పందిరి కింద మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి ఒరిగాడు. పట్టపగలు, అందరి మధ్య, నోరు తెరుచుకుని గురక పెట్టాడు.

“లేపుండ్రి, బస్సు పోతది” అన్నాడు సక్రు.

నా చేయి అలవాటుగా అతని కాలి దగ్గరికి పోయింది.

“ముట్టకు బాపు” అంది రుక్మిబాయి. ఆ బస్సు పోయింది. తర్వాతి దాంట్లో వచ్చాం.

ఆ వారంలోనే ఒకరోజు నాకు ఆలస్యంగా మెలకువ వచ్చింది. అరుగు మీదికి అప్పటికే ఎండ వచ్చింది. కంగారుగా ముందుగదికి పోయాను. తలుపు తీసి ఉంది. గది ఊడ్చి ఉంది. మంచం గోడకు నిలబెట్టి ఉంది. తాళంచెవి నా పుస్తకం మీద పెట్టి ఉంది. దోమకొండ మొదటి బస్సు ఎక్కుతుంటే చూశానని పాలు పోసే యాకూబు చెప్పాడు, చేతిలో టిఫిన్ డబ్బా కూడా ఉందట.

కోపమొచ్చింది నాకు. ఇన్నాళ్లున్న మనిషి ఒక్కమాట చెప్పి పోకూడదా? పోతూ పోతూ నా కాలివేలు గుంజి, నాతో ఒక తిట్టు తిని పోతే ఏం పోయింది? గొణుక్కుంటూ లోపలికి వచ్చి, గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

శుక్రవారం.