రుఆబాంధా కోతులు

స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లో, రుఆబాంధా సెక్టర్‌లోని ఒక వీధివాళ్ళకి ఏ ఇబ్బంది వచ్చినా ముందు జ్ఞానప్రసూన తలుపే తట్టేవారు. కుళాయి రాకపోయినా, వీధి దీపం ఆరిపోయినా, మురుగు కాలువ పొంగినా ఆవిడే చెప్పులేసుకుని బయల్దేరేది. ఆవిడ తాత విజయనగరం నుంచి రైల్వే పనికొచ్చి ఈ ఛత్తీస్‌గఢీ నేల మీద స్థిరపడ్డాడు, తండ్రి కూడా రైల్వేలోనే చేశాడు. ఆవిడ మాత్రం స్టీలు ప్లాంటులో పనిచేసే లక్ష్మీప్రసాద్‌ని పెళ్ళాడి టౌన్‌షిప్ క్వార్టర్‌కి వచ్చింది. పుట్టింటివాళ్ళు చర్చికి, అత్తింటివాళ్ళు గుడికి. ఆవిడ రెండు చోట్లా కలిసిపోయింది. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ నోటికి తడుముకోకుండా వస్తాయి. ఆఫీసుల్లో కూర్చోమనకపోయినా నిలబడే మాట్లాడి పని చేయించుకొచ్చేది. "దీదీ ఎల్లిందంటే పనయిపోయినట్టే" అని వీధిలో అందరికీ ధీమా.

ఆ ధీమా కోతుల దగ్గర చెల్లలేదు.

ఎర్రమూతి కోతులు ఎప్పుడో ఒకటీ అరా వచ్చి పోతుండేవి. ఆ ఏడు ఎండాకాలం మొదలవుతూనే మందకు మంద దిగి, ఇక కదల్లేదు. నీళ్ళ ట్యాంకుల మూతలు లాగి లోపల దిగి స్నానాలు చేసేవి. వంటింట్లోకి దూరి ఫ్రిజ్ తలుపు తీయడం కూడా నేర్చాయి. జనం మొదట్లో నవ్వుకున్నారు, ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. పక్క క్వార్టర్ ఇంద్రాణి పడిపోయాక ఆ నవ్వులు ఆగిపోయాయి.

ఇంద్రాణి జాకెట్లు కుడుతుంది. ఆ సెక్టర్‌లో సగంమంది ఆడవాళ్ళ కొలతలు ఆమెకు చూడకుండానే తెలుసు. డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే ఒక పెద్ద కోతి పళ్ళు ఇకిలించి మీదికొచ్చింది. ఆమె వెనక్కి వెనక్కి జరిగి, మెట్ల మీంచి దొర్లి కింద పడింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

"ఈ సెయ్యి లేకపోతే నానేటి సెయ్యాలి దీదీ?" అని కట్టు వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ప్రసూన ఆ గుడ్డ వైపు చూసి, "నువ్వూరుకో. నాను సూసుకుంతాను గదా" అంది.

మర్నాడే అటవీ శాఖ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారి ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మేడమ్, వన్యప్రాణుల చట్టం మారింది. కొండముచ్చయితే ఇప్పటికీ మా చేతిలోదే. ఎర్రమూతి కోతిని మాత్రం రక్షణ జాబితాలోంచి తీసేశారు. నగరపాలక సంస్థ వాళ్ళని అడగండి."

"అయితే మేమే పట్టించుకోవచ్చా సార్? నేరం కాదా?"

"నేరమని నేననలేను. పట్టుకోండని కూడా అనలేను. హింసపెడితే మాత్రం దానికి వేరే చట్టం ఉంది."

నగరపాలక ఆఫీసులో కుక్కలు పట్టే బండి ఉంది కానీ కోతులు పట్టేవాళ్ళు లేరన్నారు, పైగా టౌన్‌షిప్ ప్లాంటుది కదా అన్నారు. టౌన్‌షిప్ ఆఫీసులో, అడవి జంతువుకి మేమేం చేస్తామమ్మా అన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియక ఆవిడ ఇంటికొచ్చింది. వట్టి చేతులతో తిరిగి రావడం ఆవిడకి అలవాటు లేదు. వీధివాళ్ళకి ఎదురుపడడానికి మొహం చెల్లలేదు.

చివరికి ఎవరో బాలు అనేవాడి సంగతి చెప్పారు. పక్క ఊరు దుర్గ్‌లో ఉంటాడు, బోను పెట్టి కోతుల్ని పట్టుకుపోతాడు. ప్రసూనే ఫోను చేసి పిలిపించింది. వాడు ఇంద్రాణి డాబా మీద పెద్ద ఇనప బోను పెట్టి లోపల అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు పోశాడు. వీధంతా కిటికీల్లోంచి చూసింది.

కోతులు ఒకదాని వెనక ఒకటి దూరాయి. తలుపు ధన్‌మని పడేసరికి లోపల కేకలు, కొట్లాట. పాలు మరవని పిల్ల ఒకటి మాత్రం బయట ఉండిపోయింది. అది బోను పైకెక్కి ఊచల్లోంచి చేయి లోపలికి పెట్టింది. లోపలినుంచి తల్లి ఆ చేతిని పట్టుకుంది, వదలలేదు.

"భయ్యా, దాన్ని కూడా లోపలెయ్యి" అంది ప్రసూన.

"తలుపు తీస్తే అన్నీ పోతాయి దీదీ. అదెలాగోలా బతికేస్తుంది" అన్నాడు బాలు. కర్రతో పిల్లని అదిలించి, బోను మీద గోనెపట్టా కప్పాడు. వాడేమీ దయలేని మనిషి కాదు, లోపల నీళ్ళ గిన్నె కూడా పెట్టాడు. కానీ చీకటి పడేలోగా ఊరు దాటించాలని వాడి తొందర వాడిది. "ఆగు భయ్యా, కాసేపాగు" అంటూ ప్రసూన వెంటపడుతుండగానే బండి కదిలిపోయింది. వీధిలో చప్పట్లు కొట్టారు.

పిల్ల పిట్టగోడ మీద కూర్చుని బండి పోయిన వైపు అరుస్తూనే ఉంది. ప్రసూన పాలలో నానబెట్టిన రొట్టె పెట్టింది. అది తినలేదు. "పెడితే మళ్ళీ అలవాటు పడతాయి దీదీ" అని వీధివాళ్ళు మందలించారు. కొన్నాళ్ళు ఆ గోడా ఈ గోడా పట్టుకు తిరిగింది, తర్వాత కనిపించలేదు. కుక్కలు పట్టాయన్నారు కొందరు. ఎవరో పెంచుకోవడానికి పట్టుకెళ్ళారన్నారు ఇంకొందరు.

వానలు పడ్డాక దగ్గర్లోని ఉతై ఊరినుంచి పైడమ్మ ఫోను చేసింది. ఆవిడ ప్రసూనకు మేనత్త. భర్త రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాక, ఊరి చివర కాస్త నేలలో టమాటా, చిక్కుడు పండించి బజారులో అమ్ముకుంటోంది.

"ప్రసూనా, మా మీద ఏటి పడిందో తెలీదే. ఎక్కడ్నుంచొచ్చాయో కోతులు, మనిషంటే బయం లేదు. ఇంట్లోకొచ్చి ఫిరిజ్ తీసీసి గుడ్లు పట్టుకుపోనాయి!"

ఫ్రిజ్ తీసే కోతులెక్కడివో ప్రసూనకి అర్థమైంది. వెంటనే బాలుకి ఫోను చేసింది. ఎక్కడ వదిలావని అడిగితే వాడు దాచలేదు.

"ఉతై దాటాక తోపొకటుంది దీదీ, అక్కడ. నిజం అడవికి తీసుకెళ్తే అక్కడ నా మీద కేసు పడదా?"

ఆవిడ ఉతై వెళ్ళింది. చేలో పచ్చి కాయలు సగం కొరికి పారేసి ఉన్నాయి. పందిరి కూలి తీగలు నేల మీద పడున్నాయి. పైడమ్మ మిగిలిన కాయలు ఏరుతోంది. ప్రసూన ఉన్నదున్నట్టు చెప్పేసింది. ముసలామె నడుం ఎత్తి చూసింది.

"అడివిలో వొదుల్తాడనుకున్నానత్తా. అక్కడ మనుషులుండరనుకున్నాను."

"నానున్నాను గదే" అంది పైడమ్మ. అరవలేదు, తిట్టలేదు. మళ్ళీ వంగి కాయలు ఏరుకుంది. ప్రసూన కూడా కూర్చుని ఏరింది. వెళ్ళేటప్పుడు ఆవిడ ఎప్పటిలా సంచీ నిండా కూరలు పెట్టలేదు. పెట్టడానికి లేవు కూడా.

ఇటు రుఆబాంధాలో ఖాళీ అయిన చోటు ఎంతోకాలం ఖాళీగా ఉండలేదు. దసరా వెళ్ళేసరికి ఇంకో మంద దిగింది. ఈసారి ప్రసూన బోను వద్దంది. చెత్తకుండీలకు మూతలు పెట్టిద్దాం, కిటికీలకు జాలీలు వేయిద్దాం, ఎవరూ తిండి వేయకుండా చూద్దాం అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ తలూపారు. అది మాటగానే మిగిలింది. చెత్తకుండీలు నోరు తెరుచుకునే ఉన్నాయి, మంగళవారాలు కోతులకు అరటిపళ్ళు పెట్టేవాళ్ళు పెడుతూనే ఉన్నారు. తర్వాత ఆవిడకి చెప్పకుండానే బాలుని పిలిపించారు.

ఇంద్రాణి డాబా మీద మళ్ళీ బోను చూసి ప్రసూన పరుగున ఆమె ఇంటికి వెళ్ళింది. ఇంద్రాణి మిషను ముందు కూర్చుని ఉంది. కట్టు విప్పి చాలా రోజులైంది కానీ మణికట్టు వంకరగా అతికింది. కత్తెర పట్టు సరిగ్గా దొరకడం లేదు.

"నా సెయ్యి సూడు దీదీ. సూసి, వొద్దని సెప్పు. బోను తీయించీస్తాను."

ప్రసూన చూసింది. కింద పడ్డ గుడ్డముక్క తీసి మిషను మీద పెట్టి బయటికొచ్చింది.

సాయంత్రం గోనెపట్టా కప్పిన బండి వీధి మలుపులో ఆగింది. ఆవిడ ఎదురెళ్ళి నిలబడింది. బాలు ఆవిడ మొహం చూసి, తనే ముందుగా అన్నాడు.

"ఈసారి ఉతై వైపు కాదులే దీదీ. వేరే వైపు తీసుకెళ్తున్నా."

వినగానే ఆవిడ గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు వెంటనే ఒళ్ళు కుంచించుకుపోయింది. ఏ వైపని అడుగుదామని నోరు తెరిచింది. అడిగితే ఆ ఊరి పేరు తెలుస్తుంది. తెలిసి చేయగలిగిందేముంది? పట్టా కింద ఏదో గోకుతున్న చప్పుడు. వెనక స్కూటర్లు హారన్ కొడుతున్నాయి.

ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది.