పన్నెండు వోల్టులున్నా ఆగిన ఆక్సిజన్ మిషన్

ఈమధ్య తుఫానుకు మా ముత్తుకూరులో కరెంటు పోయింది. ఊపిరితిత్తుల జబ్బున్న మా అత్తమ్మకు ఆక్సిజన్ మిషన్‌ను ఇన్వర్టర్ మీద నడిపిస్తున్నాం. మధ్యాహ్నం మిషన్ కీచుమని అరిచి ఆగిపోయింది. అత్తమ్మ పెదవులు నల్లబడుతున్నాయి. రోడ్డంతా నీళ్లు, అంబులెన్సు వచ్చే దారి లేదు.

మా ఆయన ఇన్వర్టర్‌కు బ్యాటరీ వైర్లు కలిసే చోట మీటరు పెట్టి చూశారు. "పన్నెండు వోల్టులు ఉండాయి షమీమ్! బ్యాటరీ బాగానే ఉండాది. మిషనే పోయినట్టుండాదే!" అన్నారు.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. వైరు దారిలో లోపమున్నా, కరెంటు పారనప్పుడు మీటరు పూర్తి వోల్టేజీనే చూపిస్తుంది, పారినప్పుడే లోపం బయటపడుతుంది.

"మిషన్ ఆన్ చేసి చూడండి" అన్నాను.

అంకె ఎనిమిదికి పడిపోయింది. మీటరును నేరుగా బ్యాటరీ టెర్మినళ్ల మీద పెడితే మాత్రం పన్నెండు దాదాపు అలాగే నిలిచింది. అంటే బ్యాటరీలో బలం ఉంది, దారిలో పోతోంది! చూస్తే బ్యాటరీకి వైరు బిగించిన చోట ఉప్పుగాలికి తెల్లగా చిలుము పట్టి ఉంది. ఇన్వర్టర్ ఆపి, వైరు విప్పి, గీకి తుడిచి గట్టిగా బిగించాం.

మిషన్ గురగురమంది. కాసేపటికి అత్తమ్మ కళ్లు తెరిచి, "ఏందమ్మా, అట్టా చూస్తా ఉండారు?" అంది. మా ఆయన నేల మీద కూలబడి ఏడుస్తూనే నవ్వారు.

ఏళ్లుగా పిల్లలకు చెబుతున్న పాఠం, నాకు ఆ రోజే పూర్తిగా అర్థమైంది.