మూడో జత

బరిలో రెండు జతలే ఉన్నాయి. మూడో జత రాకపోతే మా ఊరి రైతు మేళాలో ఎడ్ల పోటీ ఈ ఏటితో ఆఖరు. వచ్చే ఏటి నుంచి ఆ జాగా కోత మిషన్ల కంపెనీకి పోతుంది. వ్యవసాయ శాఖ సారు ఈ సంగతి మైకులో చెప్పలేదు. మా దుకాణం ముందు నిలబడి, మా చాయ్ తాగుతూ చెప్పాడు. అంటే మర్యాదగానే చెప్పినట్టు లెక్క.

"రూలమ్మా. మూడు జతలన్న లేంది పోటీ అనరాదు. అతిథి వచ్చేదాంక చూస్త."

"అతిథి యాడిదాంక వచ్చిండు సార్?"

"పెద్దపల్లి దాటిండట."

మామూలుగా మా మేళాకు వచ్చే అతిథులు పొద్దెక్కి, జనం నీడ వెతుక్కుంటున్నప్పుడు దిగుతారు. ఆలస్యంగా రావాలని నేను కోరుకున్న ఒక్క రోజున మాత్రం అతిథి కారు రైలులా టైముకు వస్తోంది.

నేనేదో పాత ఆచారాన్ని నిలబెట్టడానికి నడుం కట్టానని అనుకోవద్దు. మాది తాళ్ల దుకాణం. పలుపులు, పగ్గాలు, మెడకు కట్టే మువ్వల పట్టీలు, కొమ్ములకు వేలాడే కుచ్చులు. ఏడాదంతా ఈగలు తోలుకునే మాకు ఈ ఒక్క మేళా రోజే గిరాకీ. బరిలోకి ఎడ్లు రాకపోతే నేను మార్కెట్టు నుంచి తెచ్చిన మువ్వల సంచులు ఎవరు కొంటారు? ట్రాక్టరుకు కట్టుకునే పిల్లలు కొందరున్నారు కానీ వాళ్లు ఫోనులో తెప్పించుకుంటారు.

పైగా మా జాగా కూడా బరితోనే ముడిపడి ఉంది. మా తాత కాలంలో ఇది మేళా కాదు, ఉత్త ఎడ్ల అంగడి. కోతలయ్యాక మంథని పల్లెల నుంచి, గోదావరి అవతల నుంచి, ఆదిలాబాద్ పత్తి చేల నుంచి జతలు తోలుకొచ్చేవారు. తర్వాత సర్కారు వాళ్లు వచ్చి ఓ పక్క డేరా వేసి మంచి విత్తనాలు చూపించారు. మరుసటి ఏడు పసుపు కొమ్ములు, మక్క కంకులు, ఇద్దరు మోస్తే గానీ లేవని గుమ్మడికాయ పెట్టి బహుమతి ఇచ్చారు. అప్పుడో ఆఫీసరుకు, ఇన్ని ఎడ్లు ఊరికే నిలబడ్డాయి కదా, వీటికీ పోటీ పెడదామని తోచిందట. బరి కట్టడానికి తాడు కావాల్సి వచ్చింది. మా తాత ఊరికే ఇచ్చాడు. మా ఇంట్లో "ఊరికే" అన్న మాటకు అర్థం, డబ్బు కాకుండా ఇంకేదో అడగబోతున్నామని. ఆయన బరి పక్కన దుకాణం వేసుకునే జాగా అడిగాడు. బరి ఉన్నన్ని రోజులూ ఆ జాగా మాది.

బాపు చేతికి దుకాణం వచ్చేసరికి మేళా అంచున ట్రాక్టర్లు నిలబడ్డాయి. ఏటేటా అవి ఒక్కో అడుగు లోపలికి జరిగాయి. ఇప్పుడు మందు కొట్టే డ్రోన్ కూడా ఎగురుతోంది.

"మనుషులు పైకి సూసుడు మొదలుపెడితే మన సరుకు ఏం కనపడ్తది బిడ్డా," అన్నాడు బాపు, దుకాణంలో మువ్వలు తుడుస్తూ. ఆయన మొహం నాకు చూడబుద్ధి కాలేదు. నలభై మాటలు మాట్లాడే మనిషి పొద్దున్నుంచి అన్నది ఆ ఒక్క మాటే.

వస్తామన్న వాళ్లందరికీ ఫోన్ చేశాను. ఒకాయన ఎడ్లు అమ్మేశాడు. ఇంకొకాయన ఫోన్ ఎత్తలేదు. మూడో ఆయన "వస్తున్ననే, తొవ్వల ఉన్న" అన్నాడు గానీ వెనకాల టీవీ చప్పుడు వినిపించింది.

అప్పుడే మేళా వెనక ఇంకా మిగిలిన కాస్త ఎడ్ల అంగడి వైపు నుంచి ఒక దలాలి మా దుకాణానికి వచ్చాడు. మెడలో తువ్వాల, నోట్లో పాన్. కాగజ్‌నగర్ వైపు ఎడ్లు తోలి అమ్ముకుంటాడు, మాకు పాత గిరాకీ.

"అక్కా, రెండు పలుపులియ్యి. జర జల్ది. బండి నిలవడ్డది."

అతని భుజం మీదుగా చూశాను. తెల్లని జత, కొమ్ములు ఒక్క అచ్చులో పోసినట్టు. పక్కన ఒక రైతు, తలకు రుమాలు, తన పాత పలుపులు విప్పి చుట్ట చుట్టుకుంటున్నాడు. మా వైపు ఎడ్లు అమ్మినవాడు తన తాడు కొన్నవాడికి ఇవ్వడు, ఇంటికి తీసుకుపోతాడు. కొన్నవాడు కొత్త తాడు తెచ్చి తన చేత్తో కట్టాలి. అది కట్టాకే పైసలు చేతులు మారతాయి, అప్పుడే జత అతనిదవుతుంది. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర కుదుర్చుకున్నా సరే, కొత్త తాడు పడేదాకా ఆ ఎడ్లు పాతవాడివీ కావు, కొత్తవాడివీ కావు. మా దుకాణం మూడు తరాలుగా బతికింది ఆ మధ్య సందులోనే.

"లెవ్వు తమ్మీ," అన్నాను.

బాపు తుడుస్తున్న మువ్వ ఆగిపోయింది.

"లేకుంటేంది? నీ నెత్తి మీదనే ఏలాడుతున్నయ్ కదనే!"

"అవి వేరేటోళ్లవి. నీకు కావాల్నంటే ఊకెనే ఇస్త. జతను ఒక్కసారి బరిల తిప్పనియ్యి."

"నాకేమన్న పిచ్చా? ఎండ పడకముందు బండి ఎక్కియ్యాలె. నువ్వియ్యకపోతే చౌరస్తాల నైలాన్ తాడు దొరకదా?"

"పో, తెచ్చుకో. తొవ్వపొంటి మెడ గీసుకపోయి నెత్తురు కారితే కాగజ్‌నగర్ల ఎవ్వడు సూస్తడో సూడు."

అతను పాన్ ఉమ్మి వచ్చి, జత వైపు ఒకసారి, వేలాడే పలుపుల వైపు ఒకసారి చూశాడు. బేరంలో మనిషి రెండుసార్లు చూశాడంటే పని సగం అయినట్టే. అలవాటు కొద్దీ తువ్వాల తీసి చెయ్యి కప్పబోయి, ఆడమనిషినని గుర్తొచ్చి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"సరే. ఒక్క తిరుగుడే. నా తాడు కట్టకముందే తిప్పుకో. కట్టినంక దలాలి జత అయితది, బరిల నిలువనియ్యరు."

నేను రైతు దగ్గరికి పరుగెత్తాను. "కాకా, జర నీ పలుపు మళ్ల కట్టి బరిలకు తోలవా?"

ఆయన చుట్ట చుట్టిన తాడును చంకలోకి ఇంకొంచెం జరుపుకున్నాడు. "ఇప్పిన తాడు మళ్ల కట్టరాదు బిడ్డా. నా భూమంత బొగ్గు బాయికి పోయింది. దున్నేతందుకు ఏం లేదు. పట్నంల బిడ్డ తానికి పోతున్న, ఆడ ఎడ్లను కట్టెయ్య జాగ లేదు. పొద్దుగాల నుంచి మనసు గట్టి చేసుకొని ఇప్పిన. మళ్ల కట్టుమంటే నాతోని కాదు."

ఆయన కట్టడు. దలాలి కట్టకూడదు. మిగిలింది మా తాడే, నా చెయ్యే. మూడు తరాలుగా ఊరి ఎడ్లన్నింటికీ తాళ్లమ్మిన వంశం మాది. ఒక్కరోజూ ఒక ఎద్దు మెడ ముట్టలేదు. నిజం చెప్పాలంటే నాకు ఎడ్లంటే భయం, బాపుకు నాకంటే భయం.

రోడ్డు వైపు నుంచి కారు హారన్ వినిపించింది. సారు గడియారం చూసుకున్నాడు.

పలుపు ఎడమ ఎద్దు మెడకు వేశాను. అది తల విదిలించింది. గిరాకీకి ముడి వేసి చూపించడం వేరు, ఊపిరి తగిలే దగ్గర వేయడం వేరు. రెండుసార్లు జారింది. "కొమ్ముల దిక్కు సూడకు, కండ్ల దిక్కు సూడు," అన్నాడు రైతు. ముట్టుకోలేదు గానీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను తాళ్లు పట్టుకుని నడిచాను. అసలు అవి నాతో రాలేదు, పక్కన నోటితో "చ్చ చ్చ" అంటూ నడుస్తున్న ఆయనతో వచ్చాయి. చూసేవాళ్లకు మాత్రం నేనే తోలుకొస్తున్నట్టుంది.

మూడో జత బరిలో నిలబడింది. సారు కాగితం మీద పెన్ను పెట్టాడు.

"యజమాని ఎవరు?"

దలాలి బరి తాడుకు అవతల నుంచి కళ్లార్పకుండా చూస్తున్నాడు. దలాలివంటే జతను బయటికి పంపుతారు. నావి అంటే గుంట భూమి లేని దుకాణం మనిషికి ఎడ్లెక్కడివంటారు.

"రైతు ఎవరమ్మా? అతిథి దిగిండు. చెప్పు జల్ది."

"నాయి," అన్నాడు రైతు.

సారు రాసుకున్నాడు. మైకులో మూడు జతలనీ పిలిచారు. అవి చుట్టూ తిరిగాయి, ఆగమన్నచోట ఆగాయి. మా జత రెండోదిగా నిలిచింది. ఎడ్ల బరి వచ్చే ఏడు కూడా ఉంటుందని అతిథి నోటితోనే చెప్పించాడు సారు. బాపు దుకాణంలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. కుచ్చులకు అప్పటికే ఇద్దరు గిరాకీలు వచ్చారు.

దలాలి మాత్రం తువ్వాల దులిపాడు.

"మందిల నాయి అన్నవ్ కద కాకా. నీయే అయితే నువ్వే తోల్కపో. మన బేరం ఇగ లేదు." తన బండి వైపు నడిచాడు.

రైతు అతని వెనక రెండడుగులు వేసి ఆగాడు. చేతిలో పాత తాళ్ల చుట్ట, ఎదురుగా కట్టేసే జాగా లేని జత. "నీ బరి నిలవడ్డది బిడ్డా," అన్నాడు నా వైపు తిరిగి, "నన్నేం చెయ్యమంటవ్?"

దలాలిది కోపం కాదని నాకు తెలుసు. ధర తగ్గించడానికి లేచి వెళ్లిపోవడం అది. నేనే ఎన్ని దుకాణాల్లోంచి అలా లేచి నడిచానో. దానికి మందు కూడా తెలుసు. ఇంకో గిరాకీ కనబడాలి.

"కాకా, గదే ధరకు నేను తీస్కుంట!" అన్నాను, బండి దాకా వినబడేలా.

బాపు వెంటనే అందుకున్నాడు. "ఏందే, నెత్తి పనిచేస్తలేదా? అంత పెట్టి కొంటరా?" ఇది మా ఇంటి పాత ఆట. ఒకరు కొంటామంటారు, ఇంకొకరు వద్దంటారు, చూసేవాడికి ఆశ పుడుతుంది.

దలాలి బండి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, బాపును చూశాడు. అతను నవ్వాడు. అతను కూడా అంగడిలోనే పుట్టి పెరిగినవాడు.

"మంచి జత అక్కా. కొను, కొను," అని తలుపు వేసుకున్నాడు. బండి కదిలింది, మలుపు తిరిగింది.

నేను అటే చూస్తుండగా రైతు నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఒక్క ఊపు ఊపాడు.

"మాటంటే మాట బిడ్డా. తాడు గూడ నీదే కట్టి ఉండె. ఇగ ఏమున్నది?"

చుట్టూ మంది. అందరూ మా గిరాకీలే. తాడు కట్టినవాళ్లదే జత అన్న మాట మీద బతికిన దుకాణం మాది, అదే మాట కాదనడానికి నోరు లేదు. ఆయనకు నా ఆట అర్థమైందో లేదో ఈ రోజుకూ తెలియదు. నన్ను అడిగితే మొదటి నుంచీ అర్థమైందంటాను. బాపు కుచ్చుల గల్లా అంతా బోర్లించి, చాలక పక్క విత్తనాల దుకాణంలో చేబదులు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

రైతు రెండింటి గంగడోలూ నిమిరాడు. "ఎడమదానికి ముందుగాల నీళ్లు పెట్టు. లేకుంటే రెండోదాన్ని తాగనియ్యది," అన్నాడు. పాత పలుపులు చంకలో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

మేళా ఖాళీ అయింది. బరి తాడు విప్పుతున్నారు. జత మా దుకాణం ముందు నిలబడి, అమ్ముడుపోని కుచ్చులను ఒక్కొక్కటిగా వాసన చూస్తోంది. బాపు ఎడమదాని కళ్లలోకి చూస్తున్నాడు, నాలుగడుగుల దూరం నుంచి.

"దూప అయినట్టున్నది," అన్నాడు మెల్లగా.

నేను చౌరస్తాకు పోయి దుకాణం వాణ్ని నీళ్ల బక్కెట్ అడిగాను. వాడు చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి తెచ్చాను.