జవాబు రాక ఆగిన పుస్తకాలు

నా కోడల్ని వీధిలో అందరూ చీటీల పంతులమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. కాపురానికొచ్చిన కొత్తలో ఉప్పు డబ్బా మీద "వేశాక తీయలేం" అని చీటీ అంటించిన మనిషి మరి! ఇక పుస్తకం దొరికితే ఊరుకుంటుందా? అది ఎవరికి పనికొస్తుందో, విసుగేస్తే ఏ పేజీలు దాటేయొచ్చో రాసి అట్ట లోపల అంటిస్తుంది. కింద ఒక ప్రశ్న కూడా పెడుతుంది. నేను రెండో తరగతితో బడికి దణ్ణం పెట్టినదాన్నే, అయినా కూడబలుక్కుని చదువుతాను. ఒకరి సాయం అక్కర్లేదు.

పిల్లలకు పాఠం చెబితే సగం పనే అయిందని, వాళ్ల అమ్మానాన్నలకు లోకం సంగతి తెలిస్తేనే మిగతా సగమని దాని వాదన. పిల్లలు ఎలా నేర్చుకుంటారు, నీళ్లు ఎందుకు కరువవుతున్నాయి, యుద్ధమొస్తే జనం ఎక్కడికి పోతారు, ఇలాంటి పుస్తకాలే ఏరి తెచ్చింది. తను పాఠాలు చెప్పే బడిలో మెట్ల కింద గది అడిగి తీసుకుని, తనే సున్నం కొట్టి, అరలు పెట్టించింది. పెద్దవాళ్లు ఎగబడి పట్టుకెళ్లారు. తిరిగి ఒక్కటీ రాలేదు.

"సోమవారానికి పుస్తకాలు అరల్లో కనబడకపోతే ఆ గదిలో విరిగిన బెంచీలు వేయిస్తాను" అన్నాడు హెడ్మాస్టరు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, కోడలు అన్నం కెలికి లేచిపోయింది.

"గిన్నె ఖాళీ అయితే వండినదానికి ఏడుపెందుకే?" అన్నాను.

"గిన్నె కూడా ఎత్తుకుపోయారుగా అత్తయ్యా!"

అదీ నిజమే. చెప్పులేసుకుని నేరుగా టైలరు కొట్టుకెళ్లాను. వాడు పట్టుకెళ్లిన పుస్తకం మిషను పక్కనే, పట్టుగుడ్డలో భద్రంగా చుట్టి ఉంది.

"ఏరా, ఇంకా చదువుతున్నావా, పూజ చేస్తున్నావా?"

"చదవడం ఎప్పుడో అయింది పెద్దమ్మా. జవాబే రావట్లేదు."

చీటీ చూపించాడు. నీళ్లు చాలకపోతే ముందు ఎవరికివ్వాలి, పొలానికా, ఇంటికా, ఫ్యాక్టరీకా?

"జవాబు లేకుండా వెళితే పంతులమ్మ అడగదూ? గోడకుర్చీ వేసిన రోజులు గుర్తొచ్చి కాళ్లు లాగుతున్నాయి."

బస్సు డ్రైవరు పెళ్లానిదీ అదే గోడు. ఎవరింటికెళ్లినా అదే పాట. పుస్తకం ఎంచుకోవడానికి దారి చూపిద్దామని కోడలు ప్రశ్న పెడితే, వీధి వీధంతా పరీక్షనుకుని వణికిపోతోంది! నవ్వాపుకోలేకపోయాను.

"దానికే తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతుందర్రా? పొద్దున్నే తెచ్చి పడేయండి."

సోమవారం మెట్ల దగ్గర ఒకటే తోపులాట. ముందు ఇంటికే ఇవ్వాలన్నాడు టైలరు.

"పొలానికివ్వకపోతే ఏం తింటావు, నీ గుడ్డపీలికలా?" అంది డ్రైవరు పెళ్లాం.

హెడ్మాస్టరుకు లోపలికి దారి లేదు. మునివేళ్ల మీద నిలబడి నిండిన అరల్ని చూసి, "బెంచీలు వరండాలోనే ఉండనీ" అని ప్యూనుకు చెప్పాడు.

ఇప్పుడు కోడలు ప్రతి చీటీ చివరా "జవాబు అక్కర్లేదు" అని రాస్తోంది. రాయమన్నది నేనే.

ఆ సోమవారం సాయంత్రం బడి నుంచొచ్చి కోడలు మారు వడ్డించుకుని తిన్నది. చాప మీద వాలి, నోరు తెరిచి ఒకటే గురక. మామూలుగా అయితే తిట్టేదాన్ని. ఫ్యాను కాస్త పెంచి, తలుపు దగ్గరగా వేశాను.