చంకలో బూట్లు

మొన్న మా మనుమరాలికి యూనివర్సిటీలో సీటు వచ్చింది! కొత్త పిల్లలకు వారం రోజులు ఓరియెంటేషన్ అట, సీనియర్లే గేటు దాకా ఎదురొచ్చి పువ్విచ్చి లోపలికి తీసుకుపోయారట. ఫోన్లో ఆ సంబరమంతా వింటుంటే మా కాలపు స్వాగతం ఒకటి గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల నలభైలలో, పెబ్బేరు పక్కనున్న మా ఊరి నుంచి హైదరాబాదు పోయి బి.ఏ.లో చేరిన మొదటివాణ్ణి నేను. సెలవులకు వచ్చినప్పుడల్లా హాస్టలు కరెంటు దీపం నుంచి ఇంగ్లీషు ప్రొఫెసరు టై దాకా, చెప్పిందే మళ్లీ చెప్పేవాణ్ణి. వినీ వినీ అయిజలోని మా మేనమామ కొడుక్కీ ఆశ పుట్టింది. వయసులో చిన్నవాడు, లెక్కల్లో నాకన్నా గట్టివాడు. నేను రెండో ఏడులోకి వచ్చినప్పుడు వాడికీ సీటు దొరికింది. గద్వాల స్టేషన్లో మామ నా చెయ్యి పట్టుకొని, "అల్లుడా, వానికి పట్నం తెల్వదు. నీ మీద ఇడిసిపెడ్తున్న" అన్నాడు.

మర్నాడే హాస్టలు హాల్లో కొత్తవాళ్లకు టీ పార్టీ. ఒక్కొక్కరే ముందుకొచ్చి పేరు, ఊరు చెప్పాలి. మావాడు గుమ్మం దగ్గర ఆగి, కొత్త బూట్లు విప్పి, చంకలో పెట్టుకొని, తల వంచుకొని నడిచొచ్చాడు. సంస్థానం కచేరి ముందు మా వైపు రైతులు అట్లాగే నడిచేవారని మన తరం వాళ్లకు తెలుసు. అంతకుముందు ఏడు అదే గుమ్మం దగ్గర నేనూ బూట్లు విప్పబోయి వంగి, ఎవరూ చూడకముందే సర్దుకున్నాను.

హాలంతా గొల్లున నవ్వింది. "మీ దిక్కోడే గద, ఏందిది?" అని ఒక సీనియర్ నన్నడిగాడు.

"మా దిక్కు దొరల ముందట గిట్లనే నడుస్తరు. మీరంత దొరల లెక్క కనబడుతున్నరు వీనికి!" అన్నాను.

"నీకేమన్న చుట్టమా?"

"ఏ, కాదు. ఎవరో అయిజ పిలగాడు."

వాడు తలెత్తి నన్ను చూశాడు.

ఆ సాయంత్రం నుంచి ఏ సీనియర్ ఎదురైనా వాడు బూట్లు చంకలో పెట్టుకొని "దండం దొరా" అనాలి. అన్నం కూడా అట్లాగే నిలబడి తినాలి. మూడోరోజు వరండాలో నాకే ఎదురుపడ్డాడు. నా వెనక దోస్తులున్నారు. వాడు వంగి, బూట్లు విప్పి, నాకూ "దండం దొరా" అన్నాడు.

"గట్టిగ చెప్పురా, ఇనబడలే" అన్నాను.

తెల్లారేసరికి వాడూ లేడు, వాడి పెట్టే లేదు.

మరుసటి ఏడు నేను పాసయ్యాను. గద్వాల స్టేషన్లో డప్పులు, దండలు, బెల్లం పంపకాలు! అందరికన్నా ముందు వాడే నా మెడలో దండ వేశాడు. నువ్వెందుకు ఇడిసి వస్తివిరా అని ఎవరో అడిగితే నవ్వి, "నాకు పట్నం నీళ్లు పడలే. బావ మస్తు జూసుకున్నడు" అన్నాడు. మామ కళ్లు తుడుచుకొని నాకు చేతులు జోడించాడు. నేను తలూపాను. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు, నిశ్చింత.

ఇప్పుడు దొరలు లేరు, కచేరీలు లేవు, మా ఊళ్లో ఇంటికొక డిగ్రీ ఉంది. వాడు పోయి చాలా ఏండ్లయింది. అయిజలో వాడి కొడుకులూ మనుమలూ పదో తరగతి కాగానే పొలం పట్టారు. ఎందుకని అడిగితే ఆ ఇంట్లో నేటికీ ఒకటే జవాబు, మా ఇంటోళ్లకు పట్నం నీళ్లు పడవని.