పాగోపాగోలో మా ఈడు వాళ్ళు

మా చిన్నప్పుడు... జూన్ వచ్చిందంటే మా అమ్మ చేతులకు తీరిక ఉండేది కాదు. పెరట్లో దేవగన్నేరు పూలు కోసి, అరటినారతో మాలలు కట్టేది. పూజకు కాదు... విమానం ఎక్కే పిల్లల మెడలో వేయడానికి.

అమెరికన్ సమోవాలో, పాగోపాగో దగ్గర ఉండేవాళ్ళం. పసిఫిక్ నడిమధ్య అమెరికాకు చెందిన చిన్న దీవులు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన దగ్గర చదివిన పిల్లలు స్కూలు అయిపోగానే ఆర్మీ అనో, కాలిఫోర్నియాలో బాబాయి ఉన్నాడనో ఒక్కొక్కరే వెళ్ళిపోయేవారు.

ఊరు మాత్రం ఖాళీ కాలేదు. చేపల ఫ్యాక్టరీలో పనికి పక్క దీవుల నుంచి పెద్దవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఇళ్ళు నిండేవి... నాతో వాలీబాల్ ఆడేవాళ్ళే తగ్గిపోయేవారు.

పక్కింటి సీనా నాకంటే మూడేళ్ళు పెద్ద. నాకు ఈత నేర్పింది తనే. ఎనభై నాలుగులో తనూ టికెట్ కొనుక్కుంది.

"క్రిస్మస్‌కి వచ్చేస్తాగా," అంది. అందరూ అదే అనేవారు.

తను బయల్దేరే రోజు నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

"ఏమే, ఎయిర్‌పోర్ట్‌కి రావా? నాన్న కార్ స్టార్ట్ చేశారు. ఆ పిల్ల నీ కోసం చూస్తుందే," అంది అమ్మ.

"నేను రాను. ఆ మాల నువ్వే వెయ్యి."

అమ్మే మాల తీసుకుని వెళ్ళింది. విమానం మా ఇంటి మీదుగానే పోయింది. దిండులో మొహం దాచుకున్నా వినిపించింది...

తిరిగొచ్చాక అమ్మ తిట్టలేదు. "నీకు ఫీవర్ అని చెప్పాను," అంది, అంతే.

నెల తిరక్కుండా సీనా ఉత్తరం రాసింది. మొదటి మాటే... "జ్వరం తగ్గిందా?"

జవాబు రాద్దామని కూర్చున్నాను. తగ్గిందని రాస్తే అబద్ధం. నిజం రాయడానికి మొహం చెల్లలేదు. నాలుగు కాగితాలు చింపి, ఊరుకున్నాను. క్రిస్మస్‌కి తను రాలేదు.

మూడేళ్ళకు కాలేజీ కోసం నేనూ మిషిగన్ బయల్దేరాను. సాగనంపడానికి అమ్మ, నాన్న, సీనా వాళ్ళమ్మ వచ్చారు. నా ఈడు వాళ్ళు ఒక్కరూ లేరు... ఉంటే కదా రావడానికి!

సీనా వాళ్ళమ్మ నన్ను గట్టిగా హత్తుకుని, "నువ్వైనా ఉత్తరాలు రాస్తూ ఉండు," అంది. తలూపాను.

ఇప్పుడు మా పిల్లలు, ఎవరు ఏ ఊరు వెళ్ళిపోయినా, సాయంత్రానికల్లా వీడియో కాల్‌లో నవ్వుకుంటూ కనిపిస్తారు. నేను మాత్రం సీనా పేరు ఇంటర్నెట్‌లో ఎన్నిసార్లు వెతికానో... పెళ్ళయి ఇంటిపేరు మారిందేమో, దొరకలేదు.

వెళ్ళొస్తానన్న మనిషికి సరేనని చెప్పకుండా ఊరుకున్నవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడో మాట రాయండి... నేనొక్కదాన్నే కాదని అనుకుంటాను.